గొట్టంలో నీడగీత

పుంగనూరులో తుపాకులు బాగుచేసే దాసప్పకు కళ్లు సరిగా కనబడవని ఊళ్లో ఒక్క రామలక్ష్మమ్మకే తెలుసు. ఆమె అతని భార్య. ఆ సంగతి బయటికి పొక్కకుండా ఆరేళ్లుగా కాపాడుతోంది.

ఆమెది కుప్పం పక్క పల్లె. నాలుగో తరగతిలో బడి మాన్పించి బర్రెల వెంట పంపారు. పదిహేడో ఏట దాసప్పను కట్టుకుని పుంగనూరు వచ్చింది. ముందుగది అంగడి, వెనకగది కాపురం, మధ్యలో గోనెపట్టా పరదా. ఆడమనిషి ముట్టిన తుపాకికి గురి తప్పుతుందని రైతుల నమ్మకం. అందుకని ఆ పరదా దాటి ముందుకు రావద్దని దాసప్ప మొదటిరోజే చెప్పాడు. ఆమె రాలేదు.

అడవిపందులు చెనిక్కాయ చేలను, అదే వేరుశనగను, దున్నిపోసే ఊళ్లు చుట్టూ చాలా ఉన్నాయి. లైసెన్సు తుపాకి ఉన్న రైతులు రామసముద్రం నుంచి, కుప్పం నుంచి దాసప్పను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. తూటాలోని సీసం రవ్వలు గొట్టాన్ని ఒరుసుకుంటూ పోయి లోపల పొరలాగా అంటుకుంటాయి. ఆ పొర కింద చెమ్మ చేరితే తుప్పు ఇనుమును తినేస్తుంది. ఎన్నికలప్పుడు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి, అవి నెలల తరబడి ఆ చీకటి గదిలో పడి ఉంటాయి. అందుకే ముందు దాసప్ప దగ్గర సీసం తీయించుకుని, ఆ తర్వాతే స్టేషను మెట్లెక్కడం ఆ పక్క రైతుల అలవాటు.

దాసప్ప గొట్టంలో కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టేవాడు. ఇనప కమ్మీకి రాగితీగ చుట్టి, చెమటలు కారేదాకా లాగేవాడు. గుడ్డ మీద బూడిదరంగు పొట్టు రాలేది. ఆఖరున గొట్టంలోకి చూసి, శుభ్రమైందో లేదో తేల్చాలి. కళ్లకు పొర కమ్మిన నాటి నుంచి ఆ చూసే పని రామలక్ష్మమ్మది. ఆపరేషన్ చేయించుకోమంటే, "కట్టు కట్టుకోని కూసుంటే ఊరికి తెలిసిపోదా?" అన్నాడు.

ఎట్లా చూడాలో అతనే నేర్పాడు. "నేరుగా ఎండకు పెడితే అంతా తళతళమంటాది. దాన్ని నమ్మొద్దు. కిటికీ కమ్మీకి ఎదురుగా పెట్టు, లోపల నీడగీత పడతాది. గొట్టం తిప్పుకుంటా ఆ గీత ఎంబడే పో. అది యాడ వంకరపోతే ఆడ ఏమో ఉండాదని లెక్క."

ఆమె నేర్చుకుంది. సీసమైతే నత్త పాకిన జాడ. తుప్పు తిన్న గుంటైతే రాగిగింజంత నల్లచుక్క.

2004 ఎన్నికల ముందు రామసముద్రం పక్క రైతు లక్ష్మయ్య తన ఒంటిగొట్టం తుపాకి తెచ్చి ఇచ్చాడు. మర్నాడు పరదా వెనక ఆమె గొట్టం తిప్పుతూ చాలాసేపు చూసింది.

"సీసం పోయినాది. దాని కింద గుంటలు ఉండాయి."

"ఎన్ని?"

"ఏడెనిమిది ఉంటాయి. లోతుగా ఉండాయి."

దాసప్ప చెయ్యి కమ్మీ మీద ఆగిపోయింది. "పోయినతూరి ఇదే తుపాకి నేనొక్కడినే తోమితిని. నువ్వు మీయమ్మ దినాలకు కుప్పం పోయింటివి," అన్నాడు. అప్పుడు వదిలేసిన సీసం కిందే తుప్పు పట్టిందని ఇద్దరికీ అర్థమైంది. ఇంతలో ముందుగదిలో లక్ష్మయ్య గొంతు వినబడింది. గుంటలు ఎక్కడున్నాయో అడగకుండానే దాసప్ప గొట్టం తీసుకుని పరదా దాటాడు.

"అయిపాయనా దాసప్పన్నా? మా ఊరి పందులు నాకంటే ముందు లేసి చేన్లోకి పోతాండాయి."

"లక్ష్మయ్యా, దీన్ని ఇంక పేల్చొద్దప్పా. లోపల గుంటలు పడినాయి. పగిలిపోతాది."

లక్ష్మయ్య గొట్టాన్ని నేరుగా వీధిలోని ఎండకు పెట్టాడు. "అద్దం మాదిరి ఉండాది గదన్నా! నీ కంటికి కనబడినాయా గుంటలు?"

"కనబడినాయి."

"అట్లయితే ఏలు పెట్టి సూపించు. యాడ?"

పరదా చిరుగులోంచి రామలక్ష్మమ్మ చూస్తోంది. దాసప్ప వేలు గొట్టం మీద తడుముకుంటూ పోయి, కొసకు జానెడు ఇవతల ఆగింది. గుంటలు అక్కడ లేవు. నడుమ ఉన్నాయి.

లక్ష్మయ్య గొట్టంలో ఆ చోటు చూసి పకపకా నవ్వాడు. "అగ్గవకు కొట్టేద్దామనా అన్నా నా తుపాకిని? ముసిలితనంలో యాపారం బాగా నేర్సినావే!"

"ఆడ కాదు లక్ష్మయ్యా, నడిమిన" అనే మాట ఆమె పెదాల దాకా వచ్చింది. పరదా పట్టుకుంది. ఆ అలికిడి విని దాసప్ప దగ్గాడు. ఆ దగ్గు ఎందుకో ఆమెకు తెలుసు. పరదా వదిలేసింది. లక్ష్మయ్య తుపాకి భుజాన వేసుకుని స్టేషనుకు పోయాడు.

ఎన్నికలైపోయాక తుపాకి ఇంటికి వచ్చింది. చెనిక్కాయలు ఊరే కాలంలో, ఒక తెల్లవారుజామున లక్ష్మయ్య పంది మీద పేల్చాడు. గొట్టం సరిగ్గా నడుమ చీలింది. కింద ఆనించిన ఎడమచేతికి మూడు వేళ్లు పోయాయి.

భార్యాభర్తలిద్దరూ మదనపల్లె ఆసుపత్రికి పోయారు. లక్ష్మయ్య కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు.

"నువ్వు సెప్తివి దాసప్పన్నా, నేనే ఇనలేదు. యాలాకోళం ఆడితి. వదినా, మీ ఆయన కండ్లు మామూలు కండ్లు కాదు. నాకు కనబడనిది ఆయనకు కనబడినాది."

దాసప్ప తల వంచుకుని నిలబడ్డాడు. రామలక్ష్మమ్మ అతని దగ్గు కోసం చూసింది. ఈసారి అతను దగ్గలేదు. ఆపేవాళ్లెవరూ లేకపోయినా ఆమె మంచం పక్కనున్న గ్లాసు తీసి, నీళ్లు పట్టుకురావడానికి బయటికి వెళ్లింది.

దాసప్ప కళ్ల మహిమ లక్ష్మయ్య వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. ఆ నెలలోనే నాలుగు తుపాకులు ఎక్కువ వచ్చాయి.

ఇప్పుడు దాసప్ప పరదా వెనక కూర్చుని ఏమీ అడగడు. గొట్టం ఆమె చేతికిచ్చి, తన వేలు చాపి పెడతాడు. ఆమె నీడగీత వెంట పోతుంది. వంకర కనబడితే ఆ వేలు పట్టుకుని, గొట్టం మీద ఆ చోట ఆనిస్తుంది.

"అయిందా దాసప్పన్నా?" అని పరదా అవతలి నుంచి ఎవరో కేకేస్తారు.

"వస్తాండా," అంటాడు దాసప్ప.