ఆ అమ్మాయి అభిప్రాయం నేను కొట్టేశాను

నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఆగిరిపల్లిలో మామిడికాయల షెడ్డులో వచ్చింది. పెట్టెల అడుగున పరచడానికి పాత పేపర్లు కట్టలుగా దిగేవి. వాటిలో ఇంగ్లీషువి పక్కకి తీసి, పాఠకుల ఉత్తరాల పేజీ అన్నాలవేళ చదివేవాణ్ణి. ఎవరో ఒక పెద్దమనిషి ప్రభుత్వాన్ని కడిగేస్తూ ఉండేవాడు. మాటలు అర్థం కాకపోయినా కోపం అర్థమయ్యేది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఏళ్ళ తరబడి ఆ కోపాన్నే చదువుకున్నాను. నా అభిప్రాయం మాత్రం ఏ మేస్త్రీ, ఏ షావుకారు, ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆ మంట డెబ్బై దాటినా చల్లారలేదు.

రెండేళ్ళ క్రితం ఒకావిడ అడిగింది. మా వీధిలోనే ఉంటుంది, అదే షెడ్డులో కాయలు ఏరే పని. ఆమె కూతురు నూజివీడులో ఒక ఆసుపత్రిలో నర్సు. ఐర్లాండులో ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వినడం, చదవడం, మాట్లాడటం పర్వాలేదు. ఏదో ఒక విషయం ఇచ్చి ఒప్పుకుంటారా లేదా అని వ్యాసం రాయమంటారే, అక్కడే ఆ పిల్లకి భయం.

"బాబాయిగారూ, పేపర్లన్నీ నమిలేసిన మనిషి మీరు. దాని కాయితాలు కాస్త చూడండి" అంది తల్లి.

ఆ పూటే వెళ్ళి ఎర్ర పెన్ను కొన్నాను.

ఆ పిల్ల తెచ్చిన మొదటి వ్యాసం నాకింకా కంఠతా వచ్చు. దూరం నుంచి వచ్చే పళ్ళు మానేసి జనం దగ్గర పండినవే తినాలి, ఏకీభవిస్తారా అన్నది ప్రశ్న. ఏకీభవించనని రాసింది. మా అమ్మ ఏరిన కాయలు ఢిల్లీ వెళ్తాయి, అమ్మ ఢిల్లీ చూడలేదు. సొన పడి ఆమె చేతుల మీద మచ్చలున్నాయి. అందరూ దగ్గరి పళ్ళే తింటే ఆమెకి వేసవిలో పని ఉండదు, నేను నర్సునయ్యేదాన్ని కాదు. అయితే దూరాన తినేవాళ్ళకి చెట్టున ముగ్గిన పండు రుచి తెలియదు, అందుకు నాకు జాలిగా ఉంటుంది. ఇదీ వ్యాసం.

"ఏంటమ్మా ఇది? మీ అమ్మ చేతులు ఎవడిక్కావాలి?"

"నా అభిప్రాయమే కదండీ తాతయ్యా అడిగింది?"

"అభిప్రాయమంటే ఇంటి సంగతులు కాదు. ఏకీభవిస్తానని రాయి. మన పంట మనమే తినాలి!"

"కానీ నేను ఏకీభవించనండీ."

"పరీక్ష రాస్తున్నావా, నాతో పంచాయితీ పెడుతున్నావా?"

పై నుంచి కింద దాకా ఎర్రగీత లాగాను. తర్వాత రహస్యం చెప్పాను. కాయల పెట్టెలో నిగనిగలాడేవి పై వరసలో పేరుస్తాం. మూత తీయగానే కొనేవాడి కళ్ళు అక్కడే పడతాయి. వ్యాసమూ అలాగే సర్దాలి.

"అయితే మధ్యలో మెత్తబడిన కాయలా తాతయ్యా?" అని నవ్వింది.

"మధ్యలో ఎవడు చూస్తాడే!"

ఏ విషయానికైనా అతికేట్టు ఒక మొదలూ ఒక ముగింపూ చెప్పి రాయించాను. ఉత్తరాల పేజీ భాష, బరువైన మాటలు. డ్యూటీకి వెళ్తూ మా గేటు దగ్గర స్కూటీ ఆపి అవి అప్పజెప్పేది.

పరీక్షలో అన్నీ పోయినా బాగుండేది. రాయడం ఒక్కటే పోయింది, దాంతో ఉద్యోగం ఆగింది. నేను వీధంతా వినేలా ఆ దిద్దినవాళ్ళని తిట్టాను. మన నల్లవాళ్ళు అంత చక్కగా రాస్తే ఆ తెల్లవాళ్ళకి కడుపుమంట అన్నాను. "మీరు చెప్పాక తప్పెలా ఉంటుంది లెండి" అంది తల్లి.

పిల్ల బెజవాడలో ఒక టీచరు దగ్గరికి తన నోటుబుక్కు తీసుకెళ్ళింది. తిరిగొచ్చి చెప్పింది: "ముందూ వెనకా బట్టీ, మధ్యలో నువ్వెక్కడా లేవు అన్నారండీ. ఎవరు నేర్పారని అడిగారు."

"ఏం చెప్పావు?"

"నెట్‌లో చూశానన్నాను."

తప్పు నాదమ్మా అనడానికి అంతకంటే మంచి అదను దొరకదు. నా నోట వచ్చింది వేరు: "ఆవిడకేం తెలుసు!"

నోటుబుక్కు నా బల్ల మీదే వదిలి వెళ్ళింది. ఎర్రగీతల కింద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. ఆ మొదటి వ్యాసం మళ్ళీ చదివాను. నేనిన్నేళ్ళు చదివిన పెద్దమనుషుల ఉత్తరాల్లో ఒక్కటీ దాని కాలిగోటికి సరిపోదు. నన్నెవరూ అడగలేదని జీవితమంతా ఏడ్చినవాణ్ణి, అడగక అడగక ఆ పరీక్షవాళ్ళు మనలో ఒకరిని అడిగితే, ఆ పిల్ల నోరు నేనే నొక్కాను.

రెండోసారి పరీక్షకి ఆ పిల్ల నా దగ్గరికి రాలేదు. తనంతట తానే రాసింది, గట్టెక్కింది. స్వీటు ప్యాకెట్టుతో షెడ్డుకి వచ్చి, ఏరేవాళ్ళూ లారీవాళ్ళూ అందరూ ఉండగా నా కాళ్ళకి దణ్ణం పెట్టింది.

"అంతా తాతయ్య చలవేనండీ. ఆయన దిద్దబట్టే!"

చెబుతున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. నా పరువు కాపాడుతోందని నాకు తెలుసు. నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. "పిల్ల తెలివైంది, నాదేముంది" అన్నాను. నిజమే చెప్పాను, కానీ వినయంగా వినబడేట్టు చెప్పాను. అందరూ నన్ను ఇంకాస్త మెచ్చుకున్నారు. నేను వద్దనలేదు.