మెమరీ చాలదన్న కంప్యూటరు

మొన్న మా కోడలు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకుని, దీనికి మెమరీ బోలెడంత ఉందత్తయ్యా అని మురిసిపోతూ చెబుతుంటే, నాకు మాత్రం సంతోషం కలగలేదు. మెమరీ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నమ్మి నేనొకప్పుడు మూడు వారాలు పోగొట్టాను. పోయినవి నా వారాలైతే ఇంత బాధ ఉండేది కాదు, అవి మా పెదనాన్నవి.

తొంభైల చివర జగ్గయ్యపేటలో, మా మామగారి కిరాణా కొట్టు పక్క గదిలో నేను డీటీపీ పని మొదలుపెట్టాను. శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు, పత్తి విత్తనాల కరపత్రాలు, ఏవి వచ్చినా మన తరం వాళ్లకు గుర్తుండే ఆ లావుపాటి కంప్యూటరు మీదే, అందరూ నైంటీ ఎయిట్ అని పిలిచే ఆపరేటింగ్ సిస్టమ్‌లో కొట్టేదాన్ని. నా దగ్గరున్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు అందులో తప్ప మరెందులోనూ తెరుచుకునేది కాదు. పెదనాన్న పెనుగంచిప్రోలులో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యారు. మునేటి ఒడ్డున మిరప చేలల్లో, పత్తి చేలల్లో పనిచేసేవాళ్ల నోట విన్న మాటలన్నీ ఏళ్ల తరబడి నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. వాటిని పుస్తకంగా వేయాలని, రెండేళ్లపాటు తీరిక దొరికినప్పుడల్లా నేనే కొట్టాను. ఆయనకు కళ్లలో నీటికాసుల జబ్బు. చూపు సన్నగిల్లుతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ డాక్టరు చెప్పేశాడు. అందుకే ఉన్న చూపుతోనే ప్రూఫులు తానే దిద్దుకోవాలని ఆయన పట్టుదల.

తీరా ప్రింట్లు తీయాల్సిన సమయానికి పిడుగుల వానకు పాత కంప్యూటరు కాలిపోయింది. డిస్కు మాత్రం బతికింది. మావారు కొత్త కంప్యూటరు కొని తెస్తే, ఆ డిస్కు అందులో పెట్టించి, పాత ఆపరేటింగ్ సిస్టమునే మళ్లీ ఎక్కించి మీట నొక్కాను. మెమరీ చాలదు అని ఒక్క ముక్క చూపించి ఆగిపోయింది. పాతదానికన్నా ఎన్నో రెట్లు మెమరీ ఉన్న యంత్రం చాలదని ఎందుకంటోందో నాకు అంతుబట్టలేదు. కొన్న షాపుకు ఫోను చేస్తే, చాలదంటే ఇంకాస్త వేయించాలి కదమ్మా అన్నారు. తెప్పించి వేయించాను. మళ్లీ అదే మాట.

పెదనాన్న వారం వారం ఆటోలో వచ్చేవారు. వచ్చినప్పుడల్లా కాగితం దొరకలేదనో, కరెంటు లేదనో ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేదాన్ని. మూడోసారి వెళ్లబోతూ ఆయన గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకోవడం చూశాను. చెప్పులు ఆయన ముందే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నందిగామ బస్సెక్కాను. మా ఆడపడుచు తోటికోడలు అక్కడొక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేది. మెమరీ ఎంత వేశారని అడిగి, నేను చెప్పింది విని తల అడ్డంగా ఊపింది.

"తక్కువై కాదు వదినా, ఎక్కువై. ఇంత మెమరీ వస్తుందని ఆ నైంటీ ఎయిట్ తయారు చేసినవాళ్లు అనుకోలా. మెమరీ ఎంత పెరిగినా దాని లెక్క రాసుకునే చోటు పెరగదు. మెమరీ ఎంతుంటే అంతకు తగ్గట్టు ఆ చోటుని డిస్కు పనికని ముందే పట్టేసుకుంటుంది, ఇక మిగతా పనులకి చోటుండదు. ఒక్క మెమరీ ముక్క ఉంచి మిగతావి తీసేయండి."

అది పట్టుకునేదానికి హద్దు పెట్టేందుకు కంప్యూటరు సెట్టింగుల్లో చేర్చాల్సిన ఒక వరుస కూడా చీటీ మీద రాసిచ్చింది. ఇంటికొచ్చి ముక్కలు తీయిస్తే కంప్యూటరు లేచింది గానీ, పుస్తకం తెరవగానే బిగుసుకుపోయింది. చీటీలోని వరుస కూడా చేర్చాక నిలబడింది. అంతా కలిపి ఒక పూట పని.

పెద్ద అక్షరాల్లో తీసిన ప్రూఫులు పట్టుకుని నేనే పెనుగంచిప్రోలు వెళ్లాను. పెదనాన్న మొదటి కాగితాన్ని కిటికీ వైపు తిప్పారు, ముఖానికి దగ్గరగా పెట్టుకున్నారు, తర్వాత మెల్లగా ఒళ్లో పెట్టేసుకున్నారు.

"నువ్వు చదువమ్మా, వింటా."

చదువుతూ క దగ్గరికి వచ్చాను. కళ్లం, మిరపకాయలు ఎండబోసే చోటు అనగానే ఆయన చెయ్యెత్తారు.

"కల్లం కదమ్మా. మనవాళ్లెవరన్నా కళ్లం అంటారా?"

"నిఘంటువులో అట్లా ఉందని నేనే మార్చా పెదనాన్నా."

"ఇంకా ఏమన్నా మార్చావా?"

చాలానే మార్చాను. తప్పులు దిద్దుతున్నాననుకుని, ఆయన ఇన్నేళ్లు చెవులు రిక్కించి పట్టుకున్న మాటల్ని పుస్తకాల భాషలోకి తిప్పేశాను. తల వంచుకుని ఆ సంగతి చెబితే ఆయన కోప్పడలేదు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. అలా నెల రోజులు రోజూ వెళ్లి చదివాను. చెవికి అందిన ప్రతి తప్పూ ఆయన పట్టుకున్నారు.

పుస్తకం అచ్చయింది. దాన్ని చేతుల్లోకి తీసుకుని ఆయన వేళ్లతో అట్ట అంతా తడిమి చూసుకున్నారు. ఆయన పోయిన తర్వాత ఒకసారి ఆ నోటు పుస్తకాలు తిరగేస్తే, ఆయన శ్రద్ధగా బండి ఱ రాసుకున్న చోటల్లా నేను మామూలు ర కొట్టినట్టు కనిపించింది. వినడానికి రెండూ ఒకటే. ఆ మూడు వారాల ముందైతే ఆయన కళ్లు పట్టేసుకునేవి.

ఈ రోజుల్లో తప్పు పడితే నిలబడ్డ చోటే ఫోనులో చెరిపేసుకుంటున్నాం, మరుక్షణం అది ఎవరికీ గుర్తుండదు. అప్పట్లో అచ్చయిందంటే అచ్చయినట్టే ఉండిపోయేది. ఇప్పుడు ఱ రాసేవాళ్లూ లేరు, దాని బదులు ర పడితే తప్పని గుర్తుపట్టేవాళ్లూ లేరు. అందుకు నా మనసు కాస్త తేలిక పడాలి, కానీ పడటం లేదు.