డోలు ఆపని చేతులు

పంతొమ్మిది వందల యాభైల్లో కళ కోసం కచేరీలకూ, కడుపు కోసం పెళ్ళిళ్ళకూ కెమెరా మోసేవాణ్ణి. ఒకసారి బెజవాడ నుంచి ఒంటిమిట్ట దగ్గర పెళ్ళికి వెళ్ళాను. చివరికి కెమెరాలో వేసే గాజు ప్లేటు ఒకటి మిగిలితే, డోలు వాయించే పెద్దాయనకు ఫొటో తీస్తానన్నాను. ఆయనకు అదే మొదటి ఫొటో.

“వాయించడం ఆపి కదలకుండా కూర్చోండి. లేకపోతే ఫొటోలో చేతులు చెదిరిపోతాయి.”

“డోలు ఆపమంటాండావా? ఏమప్పా, ఊరికే కూసుంటే డోలు మోసేటోడనుకోరా? నా మనవళ్లు సూడాల్సింది వాయించేటోణ్ణి.”

“ఉన్నది ఒక్క ప్లేటే, పాడైపోతుంది!”

“పోనీలే. నేనైతే ఆపను. నీకు చేతనైతే తియ్యి.”

తీశాను. ముఖం స్పష్టంగా వచ్చింది, చేతులు పొగలా వచ్చాయి. ఒక ప్రతి ఆయనకు పంపి, ఇంకొకటి మా స్టూడియో గోడకు తగిలించాను. చెడిపోయిన ఫొటో తీసెయ్యమంటారు వచ్చినవాళ్ళు. తియ్యను. నేను తీసిన ఫొటోలన్నిటిలో చప్పుడు వినిపించేది అదొక్కటే.