చాలు అంటే చాలూ చేసే జగన్నాథ్

జగన్నాథ్‌కు ఉన్న జబ్బు ఒక్కటే. బిగించిన బోల్టును బిగించినట్టు ఉండనివ్వడు. సాయంత్రం బిగిస్తాడు, పొద్దున్నే విప్పుతాడు. రాయచూరులో ఇలాంటి జబ్బున్న మగవాడు ఇంకొకడుంటే చూపించండి, నింగమ్మ వెళ్లి వాడి భార్య కాళ్లకు మొక్కి వస్తుంది. ఆమెది నలభై నాలుగేళ్ల కాపురం. అందులో చివరి తొమ్మిదేళ్లూ జీపుతో సవతి కాపురం.

ఆ జీపు మల్లట్ అనే పల్లెలో ఒక రైతు కొట్టంలో దొరికింది. జగన్నాథ్ కంటే రెండేళ్లు పెద్దది. అప్పటికి దాంట్లో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ట్రాక్టరుకు కట్టి వాకిట్లోకి ఈడ్చుకొస్తే ఒక ఎర్రకోడి కూడా వెంట వచ్చింది, దిగమంటే దిగలేదు. దాని మనవరాలు ఇప్పటికీ వెనక సీటు కిందే పొదుగుతుంది.

ఇక నింగమ్మ ఇడ్లీ గిన్నెలో బేరింగులు, బియ్యం చేటలో నట్లు. ఆమె చదివింది రెండో తరగతే. అయినా అన్నం వడ్డించినప్పుడల్లా ఆయన చెప్పీ చెప్పీ, ఏ వైరు ఎక్కడికి పోతుందో ఆమెకు పోపుల పెట్టెలా కంఠతా వచ్చేసింది.

"చాలు! అన్నం సల్లగైతున్నది, చాలు!"

"ఏడ చాలూ అయిందే నింగీ? ఇంకా దగ్గుతనే ఉన్నది."

రాయచూరులో ఈ మాటతోనే చిక్కు. ఆమె చాలంటే ఆపమని. ఆయన చెవికి అది చాలూ, అంటే ఇంజను స్టార్టు చెయ్యమని. ఆమె ఎంత గట్టిగా చాలంటే ఆయన అంత గట్టిగా తాళం తిప్పేవాడు.

అలాగని జీపును తిట్టడానికీ లేదు, ఆమె పరువంతా దాని మీదే ఉంది. జాలహళ్ళిలో ఆడబిడ్డ రామాబాయితో నలుగురి ముందు ఒకనాడు అనేసింది: "ఇగ నీ ఇంటికి బస్సుల రాను రామా. వస్తే నా జీపులనే వస్త." ఆ తర్వాత మూడు శుభకార్యాలయ్యాయి. మూడింటికీ బస్సులోనే పోయింది. రామాబాయి ప్రతిసారీ వీధి చివరి దాకా తొంగి చూసేది.

"జీపు ఏడ పెట్టినవ్ వదినా? బస్టాండులనా?"

ఇప్పుడు రామాబాయి మనవడి నామకరణం, సోమవారం. జీపుకు ఆకుపచ్చ రంగు పడింది, కొత్త టాపు పడింది. శనివారం సాయంత్రం ఊళ్లో రెండు చుట్లు తిరిగొచ్చింది. నింగమ్మ వెనక సీట్లో కూర్చుని, కనపడిన ప్రతి మనిషికీ "మా ఇంటాయనే చేసిండు" అని చెప్పింది. కనపడనివాళ్లను పిలిచి మరీ చెప్పింది.

ఆదివారం పొద్దున వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే, జగన్నాథ్ బానెట్ ఎత్తి, దొంగలా అటూ ఇటూ చూసి, ప్లగ్గు వైరొకటి పీకుతున్నాడు.

"ఏమయ్యా! రేపు పోవాలె. మంచిగున్నదాన్ని ఎందుకు ఖరాబు చేస్తున్నవ్?"

"మెల్లగ, నింగీ! ఉస్తాద్ వచ్చే యాళయింది."

ఉస్తాద్ అంటే భీమేశ్, జగన్నాథ్‌కు స్పానరు పట్టుకోవడం నేర్పిన మెకానిక్. రెండేళ్ల కిందట చక్కెర జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. రోజూ తొమ్మిదింటికి కర్ర తాటించుకుంటూ వచ్చి, "జీపు చూసి పోదామని వచ్చిన" అంటాడు. చూపులేని మనిషి ఏం చూసి పోతాడో నింగమ్మ ఏనాడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం చీపురు పట్టుకుని అక్కడే నిలబడింది.

"చాలూ చెయ్ జగ్గూ," అన్నాడు భీమేశ్. ఇంజను కుంటుతూ మొదలైంది. ఆయన రేకుకు చెవి ఆనించాడు. "మూడో ప్లగ్గు పని చేస్తలేదు." ఇంజను ఆపించి వేళ్లతో తడిమాడు. "వైరు ఊడిందిర! గిది కనపడలేదా? కండ్లు పోయింది నాకా, నీకా?"

"నాకే, ఉస్తాద్. నువ్వు లేకుంటే నా గతేంది?"

భీమేశ్ ముఖం విచ్చుకుంది. "వీనికి ఇంకా పని రాలేదు నింగమ్మా. నేను రాకుంటే గీ బండి కదలదు." కళ్లు పోయిన కొత్తలో గోడవైపు తిరిగి కూర్చుని ముద్ద ముట్టని మనిషి, ఇప్పుడు జొన్నరొట్టెలు మూడు తిని నాలుగోదాని కోసం తడుముతున్నాడు.

మొదటి ఏడేళ్లూ విప్పింది పిచ్చితోనే. ఈ రెండేళ్లూ విప్పింది దేనికో నింగమ్మకు అర్థమైంది. చీపురు కింద పెట్టి నాలుగో రొట్టె వేసింది.

"అన్నా, రేపు జాలహళ్ళికి నువ్వు గూడ రావాలె. తొవ్వల ఇది ఆగితే ఈయనతోని అయితదా?"

సోమవారం భీమేశ్ ముందు సీట్లో, నింగమ్మ వెనక, ఆమె సీటు కింద కోడి. జీపు దేవదుర్గ దాటింది. ఒక్క దగ్గు లేదు.

"ఏం చప్పుడు లేదు కదర," అన్నాడు భీమేశ్. ఇంకాసేపటికి, "నేను ఉత్తగనే వచ్చిన," అన్నాడు. ముఖం అవతలికి తిప్పేసుకున్నాడు.

జాలహళ్ళి ఊరి బయట టీకి ఆగారు. రేడియేటరులో నీళ్లు పోస్తానని నింగమ్మ చెంబు పట్టుకుని దిగి బానెట్ ఎత్తింది.

రామాబాయి ఇంటి ముందు, పందిట్లోని జనమంతా లేచి చూస్తుండగా, జీపు ఒక గుంతలో కుదుపు తిని టక్కున ఆగిపోయింది.

రామాబాయి నవ్వు దాచుకోలేదు. "వచ్చినవా వదినా జీపుల! అందరం కలిసి నూకుదమా?"

నింగమ్మ చేతులు కొంగులో దాచుకుంది. నలభై నాలుగేళ్లలో ఆడబిడ్డకు బదులు చెప్పకపోవడం ఇదే మొదలు.

"నేనేం విప్పలేదే! నీ మీద ఒట్టు!" అని జగన్నాథ్ నెత్తి పట్టుకున్నాడు.

భీమేశ్ అప్పటికే దిగాడు. "జర తిప్పు... ఆపు. కరెంటు అందుతలేదు." ఆయన వేళ్లు ఒక్కొక్క వైరే దాటుకుంటూ పోయి కాయిల్ వైరు దగ్గర ఆగాయి. అదిమాడు. "ఇప్పుడు తిప్పు." ఇంజను గర్రుమంది.

పందిరి పందిరంతా కేకలు. "కండ్లు లేకుంట ఎట్ల పట్టినవ్ పెద్దాయనా?" అని చుట్టూ మూగారు. "మా ట్రాక్టరు గూడ జర వింటవా?" అన్నాడొక రైతు.

భీమేశ్ తువ్వాలు భుజాన సర్దుకున్నాడు. "తిన్నంక చూస్త."

జగన్నాథ్ కాయిల్ వైరు వైపు చూశాడు. తర్వాత భార్య వేళ్ల వైపు చూశాడు. నల్లటి మసి. పట్టుచీర కొంగుకు కూడా.

"నింగీ, నువ్వా..."

"చాలు!" అంది నింగమ్మ.

"చాలూ అయిందమ్మా," జనం మధ్యలోంచి భీమేశ్ గట్టిగా అన్నాడు. "బరాబర్ చాలూ అయింది!"