సీనియారిటీ లిస్టు చూసి వేసిన ఫోన్లు

ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యలు శుద్ధి చేసి ఎగుమతి చేసే కంపెనీలో నేను ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా ఉన్న రోజులవి. తొంభైల మధ్యలో మావాళ్ళు లోపలి ఫోన్ల కోసం సొంత ఎక్స్ఛేంజి పెట్టించారు. ముప్పై రెండు లైన్లు, నంబర్లు రెండు వందల ఒకటి నుంచి. ఏ లైను ఏ గదికి వెళ్ళాలో ప్లాను గీసే పని నా నెత్తిన పడింది.

ప్లాను గీయాలంటే ముందు ఫ్యాక్టరీ అంతా కాళ్ళరిగేలా తిరగాలి. నేను తిరగలేదు. సీనియారిటీ లిస్టు ముందేసుకుని కూర్చున్నాను. మరేం చేయను? రెండు వందల నాలుగో నంబరు నన్ను కాదని నా జూనియరుకెలా ఇచ్చావంటూ ఒక మేనేజరు నాకు మెమో పంపాడు. ఫోను మోగితే చాలదు, నంబరుకి కూడా హోదా ఉండాలి వీళ్ళకి. వాళ్ళని సముదాయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ గొడవల్లో ఉండగానే కంప్రెసర్ ఆపరేటరు నా దగ్గరికొచ్చాడు. జాలరిపేట మనిషి, యాభై దాటినవాడు. ఐస్ ప్లాంటుకి అమ్మోనియా గ్యాసు పంపే యంత్రాల గదిలో షిఫ్టంతా ఒక్కడే ఉండేవాడు.

“బాబూ, మా గదికో ఫోనెయ్యండి. గేసు గానీ లీకైతే నానెవలికి సెప్పాల? మెయింటినెన్సోల్లు ఆ సివర్న ఉంతారు. పక్క షెడ్డులో రొయ్యలొలిసే ఆడోల్లున్నారు.”

“చూద్దాంలే” అన్నాను. ఆ మాటకి అర్థమేమిటో అతనికీ తెలుసు. అయినా వారం తిరక్కుండా మళ్ళీ వచ్చి అడిగాడు. అప్పటికి ఒక్క లైనే మిగిలింది. దాన్ని పర్చేజ్ మేనేజరు గదిలో రెండో ఫోనుగా రాసేశాను. ఆ గ్రేడు వాళ్ళందరికీ రెండేసి ఇచ్చి ఆయనకొక్కటే ఇస్తే ఊరుకుంటాడా? పెద్దవాళ్ళతో పెట్టుకుంటే నా ఉద్యోగం ఏం కాను?

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గ్యాసు పైపు జాయింటు వదిలింది. ఆపరేటరు దగ్గర్లో ఫోనున్న గదికి పరిగెత్తాడు. భోజనాల వేళ, తలుపుకి తాళం. అక్కణ్ణించి షెడ్డుకి వెళ్ళి, కేకలేసి ఆడవాళ్ళందరినీ బయటికి తరిమాడు. మెయింటెనెన్స్ వాళ్ళకి కబురు చేరి వాళ్ళొచ్చేదాకా ఆగితే లాభం లేదని, తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని ఒక్కడే లోపలికెళ్ళి వాల్వు కట్టేశాడు. ఆడవాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మోనియా మంటకి అతనికి మాత్రం రెండు కళ్ళూ పోయాయి.

ఆసుపత్రికి వెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు. కళ్ళకి కట్లతో పడుకున్నవాడు నా గొంతు గుర్తుపట్టి లేవబోయాడు.

“ఫోనేసినారా బాబూ?”

అతన్ని పట్టుకుని మళ్ళీ పడుకోబెట్టాను.

“నాకు కాదు లెండి. నా తరవాత వొచ్చినోడూ ఒక్కడే ఉంతాడు గదా.”

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మర్నాడు, ఉద్యోగం పోతే పోనీ అనుకుని, పర్చేజ్ మేనేజరు గదికి వెళ్ళి రెండో ఫోను తీసేస్తున్నానని చెప్పాను. ఆయన కాగితాల మీంచి తల కూడా ఎత్తలేదు.

“తీసుకెళ్ళవయ్యా. అసలు నాకు రెండోది ఎందుకిచ్చావ్? నేనడిగానా?”

నిజమే, ఆయన అడగలేదు. అడిగినవాడికి నేనివ్వలేదు.