దిగినంక చెప్పు

మా బావ పోయి నెల దాటింది. గుండెపోటు. జూబ్లీహిల్స్‌లో ఒక డబ్బింగ్ థియేటర్‌లో మైకు ముందు కూలబడ్డాడు, సాయంత్రం ఐదు కాకముందే ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ సమయానికి ఆయన భార్య, అంటే మా అక్క, ఆకాశంలో విమానం నడుపుతోంది. ఈ ఒక్క సంగతి పట్టుకుని నెల రోజులుగా బంధువులు ఆమెను పొడుస్తున్నారు. బావను తలుచుకుందామని కూర్చుంటే నాకు కన్నీళ్ల కంటే ముందు కోపం వస్తోంది.

బావ రహమత్ నగర్‌లో పుట్టి పెరిగినవాడు. సినిమాల్లో చిన్న వేషాలకు గొంతు ఇచ్చేవాడు. పోలీసులు, డాక్టర్లు, పెళ్లిలో అడ్డం తిరిగే బాబాయిలు. మైకు ముందు కోస్తా మాట, గుమ్మం దాటితే మా తెలంగాణ మాట. అక్క పైలట్ లైసెన్సు తెచ్చుకుని కూడా ఏళ్ల తరబడి ఖాళీగా ఉంది. రెండేళ్ల కిందట ఒక విమాన కంపెనీ ఆమెను కో-పైలట్‌గా తీసుకుంది. శిక్షణ రోజుల్లో ఫిల్మ్‌నగర్‌లోని వాళ్లింట్లో, బీరువా తలుపుల మీద కాక్‌పిట్ బొమ్మ అతికించారు. దాని ముందు రెండు కుర్చీలు. ఎడమ కుర్చీలో బావే కెప్టెన్. చేతిలో మీటల జాబితా పట్టుకుని గంభీరంగా ఒక్కొక్కటీ అడిగేవాడు. అక్క బొమ్మలోని మీటల మీద వేలు పెట్టి జవాబు చెప్పేది. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటి నుంచి. నేను చూసి నవ్వితే, "నవ్వకు బామ్మర్దీ. రేపు గా విమానం నువ్వు గూడ ఎక్కుతవ్," అనేవాడు.

ఉద్యోగంలో చేరాక ఆమెకు వేళాపాళా లేదు. తెల్లవారకముందే కారు వచ్చేది. నిద్ర మధ్యాహ్నాలకు మారింది. సందులోనేమో కూరగాయల బండ్లు, పక్క మేడ మీద డాన్సు రిహార్సల్సు. బావ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. బండివాళ్లు కేక వేయబోతే చెయ్యెత్తి ఆపేవాడు. డాన్సు మాస్టారిని బతిమాలి పాట సౌండు తగ్గింపజేశాడు. "గా నిద్ర మీ అక్క ఒక్కదానిది గాదు. ఎన్క కూసునేటోళ్లందరిది," అనేవాడు. ఆ మాట విన్నాకే నాకు అక్క ఉద్యోగం ఏమిటో అర్థమైంది. ఆ ఎరుక ఆయన పెట్టిన భిక్ష.

దానికి లోకం ఇచ్చిన మర్యాద ఏమిటి? ఒకసారి థియేటర్‌లో ఒక మాటల రచయిత నా ఎదుటే అడిగాడు. "ఏమండీ, ఆవిడ ఆకాశంలో ఉంటే తమరు వంటింట్లో ఉంటారటగా?" అందరూ నవ్వారు. బావ చేతిలో కాగితాలు సర్దుకుంటూ, "అవునండీ. పొద్దున నా ఉప్మా మాడింది. ఆవిడ విమానం మాత్రం బాగానే దిగిందండీ," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాళ్లతో పాటు నేనూ కాస్త నవ్వాను కాబట్టి ఇంకా మండింది.

ఆ రోజు నేను ఆసుపత్రికి చేరేసరికి బావ స్పృహలోనే ఉన్నాడు. నేను ఫోను తీస్తుంటే మణికట్టు పట్టుకున్నాడు.

"మీ అక్కకు నాలుగింటికి టేకాఫ్. చెప్పకు. దిగినంక చెప్పు."

"ఒక్క నిమిషం మాట్లాడు బావా."

"గీ ముచ్చట ఇంటె మనసు ఖరాబైతది. నేను గీడనే ఉంట గద. ఫికర్ జెయ్యకు."

డాక్టరు కూడా గండం గడిచినట్టే అన్నాడు. ఫోను జేబులో పెట్టుకున్నాను. నాలుగున్నర దాటాక నొప్పి మళ్లీ వచ్చింది. ఐదున్నరకు అక్క వేరే ఊళ్లో దిగి ఫోను ఆన్ చేసింది.

మర్నాడు, బావ దేహం ఇంకా ఇంట్లోనే ఉండగా, ఆయన పెద్దమ్మ గొంతు పెంచి అంది. "మొగుడు పానమిడుస్తుంటె పెండ్లాం మొగులు మీద విమానంల తిరగవట్టె. నౌకరీ గావాలె, మొగడొద్దు." చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఈ రెండేళ్లలో ఆ ఇంటి గడప తొక్కినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు. నేను లేచి నిలబడ్డాను. "చెప్పొద్దన్నది బావ. చెప్పనిది నేను. అనేదుంటె నన్నను పెద్దమ్మా," అన్నాను. ఎవరూ నమ్మలేదు. తమ్ముడు కదా, వెనకేసుకొస్తున్నాడనుకున్నారు.

అక్క నమ్మింది. అదే నాకు శిక్ష. దహనమయ్యాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఎన్నింటికి చెప్పిండు నీకు?"

"ఇంక మూడు గాలే."

"అప్పటికి నేను శంషాబాద్‌లనే ఉన్న. నా జాగల నడపనీకి ఇంకో పైలట్ తయారుగ ఉంటరు. గా ముచ్చట మీ బావకు ఎరుకే, నీకూ ఎరుకే. ఆయన మంచం పక్కన నా జాగల ఎవరున్నర్రా?"

ఆమె కోసం అంత చేసిన మనిషి ఆ ఒక్క మాటతో ఆమెకు అన్యాయం చేశాడు. నేను దానికి చేయి కలిపాను. ఆ సంగతి మీద మమ్మల్ని నిలదీసే హక్కు అక్కది. తిట్టడానికే చాపలు పరుచుకున్నవాళ్లది కాదు.

నెల మాసికానికి పెద్దమ్మ, ఆవిడ కోడళ్లు మళ్లీ వచ్చి ఆ రాత్రి ఉండిపోయారు. మర్నాడు అక్క తిరిగి డ్యూటీలో చేరాలి. పొద్దున తొమ్మిదింటికి యూనిఫాం వేసుకుని బయటికి వచ్చింది. వరండాలో వాళ్లంతా చాయ్ తాగుతున్నారు. పెద్దమ్మ "నెల తిరగంగనే..." అని మొదలుపెట్టి, ఎందుకో అక్కడే మింగేసింది. అక్క తల దించుకోలేదు, పక్కకు తప్పుకోలేదు. వాళ్లకు ఎదురుగా మెట్టు మీద కూర్చుని నల్ల బూట్లు తొడుక్కుంది. ఒక లేసు ముడి సరిగా పడలేదు. విప్పి, నిదానంగా మళ్లీ కట్టుకుంది.