పికప్‌లో పెట్రోలు వాసన

ఎవరికీ చెప్పలేదు గానీ, చిన్నప్పుడు పెట్రోలు వాసనే బండికి బలమని, అది పోతే బండి ఆగిపోతుందని అనుకునేదాన్ని. నిన్న బంకులో ఆ వాసన తగిలితే నాన్న పికప్ గుర్తొచ్చింది. కొల్లేరు చేపలు మోసే ఆ బండే మా బతుకుదెరువు. ఒకసారి లోపల పెట్రోలు వాసన వదలడం లేదని, నిప్పంటుకోకముందే అమ్మేయమని అమ్మ పట్టుబట్టింది.

నాన్నా నేనూ తీసుకెళ్తే, ఏలూరు మెకానిక్ మస్తాన్‌గారు బండి కిందంతా వెతికారు. ఎక్కడా తడి లేదు.

"ఎప్పుడొస్తోందమ్మా?" అని నన్నడిగారు.

"ట్యాంకు నింపాక, మలుపుల్లోనండీ," అన్నాను భయంగా. వాసన పోతే బండి ఆగిపోతుందని నాన్నకు కూడా చెప్పని సంగతి అది.

ఆయన ట్యాంకు నిండా పోయించి బండిని పక్కకు ఊపారు. మూత కింది గొట్టం పగుల్లోంచి ఒక్క చుక్క మెరుస్తూ జారింది. అంత వాసనా ఆ చుక్కదేనా అని నోరు తెరిచాను. గొట్టం మార్చారు. వాసన పోయినా బండి కదిలింది!

మస్తాన్‌గారు నావైపు వంగి నవ్వారు. "ఈసారి ముందే మీ నాన్నగారికి చెప్పండి, మేస్త్రీగారూ!"